తాడు పొడవు

నెలకోసారి, మేకల్ని తోలేశాక
ఓయున్‌గెరెల్ బావి మూత జరుపుతుంది.
తాడు చివరి ఇనుప నట్టు
దిగుతుంది, దిగుతుంది,
'టప్' మన్నాకే ఆమె ఊపిరి వదులుతుంది.

నాలుగు మీటర్ల ముప్పై.
గోబీ చలికి పెన్ను గడ్డకడితే
చంకలో వెచ్చబెట్టి రాస్తుంది.

గని నుంచి వచ్చిన ఇంజనీరు
"వానల్లేవు కదా, అంతే" అన్నాడు.
ఆమె వాదించలేదు.
తొమ్మిదేళ్ల నోటుబుక్కులో
గుడారాలు కొట్టుకుపోయిన వేసవి తీసి
వేలు పెట్టింది.
ఆ ఏడూ
మూరెడు దిగింది.
అతను టీ తాగి
కప్పు బోర్లించి వెళ్లాడు.

పొయ్యి పక్కన తాడు ఆరేస్తుంటే
తడిసిన జానెడే కర్రలా బిగుసుకుని ఉంది.
దాన్ని తట్టి చూస్తూ సొలోంగో అడిగింది,
"ఇంకెంతుందమ్మా?"

"పట్నం వెళ్లినప్పుడు
తాడు కొనాలి, గుర్తుచెయ్యి."