మూడు గళ్లు

ఓస్ట్రావాలో నవంబరు. గోదాము వెనక గుమ్మం పక్కన
నా బల్ల, దీపమున్న భూతద్దం,
తిరిగొచ్చిన పెట్టెలు.
పెట్టెకి ఏడు నిమిషాలిస్తారు.
టేపు కోయడానికే ఒకటిన్నర పోతుంది.

ఆరోజు వచ్చింది మదర్‌బోర్డు.
ప్రాసెసర్ కూర్చునే గూట్లో వెయ్యికి పైగా సూదులు,
గాలి లేని రోజున బార్లీ చేనులా
అన్నీ ఒకే వాలు.
మూలనున్న ఒక్కటి మాత్రం
బస్సులో నిద్రపోయినవాడి తలలా
పక్కదాని భుజమ్మీద.

తెరమీద మూడే గళ్లు:
తయారీ లోపం. రవాణాలో దెబ్బ. వినియోగదారుడి తప్పు.
'తెలీదు' అనే గడి లేదు.
తెలీనప్పుడు మూడోది నొక్కమని
చేరిన రోజే చెప్పింది యిత్కా, గొంతు తగ్గించి.
నొక్కాను.

వారానికి ఉత్తరం వచ్చింది.
గీతల కాగితం, సిరా పెన్ను.

"అయ్యా, నా పేరు బొహుమీర్ వాన్యౌస్.
నలభై నాలుగేళ్లు గడియారాలు బాగుచేశాను.
వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగుని
ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన వేళ్లివి.
మూత తీసేసరికే అది వంగి ఉంది.
ఫోటో జతచేశాను, నా కంటి అద్దంలోంచి తీసింది.
నా ఐదు వేల ఆరొందల కొరునాలు పోతే పోనీండి.
ఆ 'తప్పు' అన్న మాట వెనక్కి తీసుకోండి."

మావాళ్ల జవాబు నాకు కంఠతా వచ్చు:
మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం,
మా నిపుణుల నిర్ణయమే తుది నిర్ణయం.
నిపుణులంటే నేనే.
మొన్న ఫిబ్రవరి దాకా బేకరీలో రొట్టెలు తూచాను.

తయారీవాడు కొరియర్ని చూపిస్తాడు,
కొరియరు మమ్మల్ని, మేం కొన్నవాణ్ణి.
తిలా పాపం తలా పిడికెడు అంటారే,
అదైనా నయం.
ఇక్కడ పిడికెళ్లన్నీ తెచ్చి
చివరి గుమ్మం ముందే కుమ్మరిస్తారు.

ఆరు ఉత్తరాలయ్యాక, ఒక శుక్రవారం, ఆయనే వచ్చాడు.
రెండు ట్రాములు మారి, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని.
అరుపులకి సిద్ధపడి నిలబడ్డాను.
ఆయన అడిగిందల్లా:
"ఆ దీపం కాస్త ఇటు తిప్పుతారా?"

కోటు జేబులోంచి పట్టకారు. కంట్లో అద్దం.
వద్దనాలి, నిబంధన ఉంది.
అనలేదు.

చేతులు వణుకుతున్నాయి.
నేను చూశాను, బల్ల దాకా వణుకుతూనే వచ్చాయి.
పట్టకారు గూటి అంచు దాటగానే
వీధిలో గోల తలుపు వేయగానే తెగినట్టు
ఆగిపోయాయి.
ఒక్క కదలిక.
సూది లేచి నిలబడింది.

కరెంటు పెట్టి చూశాం.
చిన్న ఆకుపచ్చ దీపం, తర్వాత ఫ్యాను.
యిత్కా చప్పట్లు కొట్టబోయి
కెమెరా గుర్తొచ్చి మానేసింది.

పనిచేస్తోంది కనక లోపం లేదు,
లోపం లేనిదానికి డబ్బు తిరిగివ్వరు.
ఎవరో చేయిపెట్టి సరిచేశారు కనక
గ్యారంటీ కూడా చెల్లదు.
రెండు వాక్యాలూ ఒకే తెరమీద, ఒకదాని కింద ఒకటి.
చదివి వినిపించేటప్పుడు నా గొంతు నాకే పరాయిదైంది.

ఆయన నవ్వాడు.
"నా దుకాణంలోనూ ఇంతే.
బాగుచేసిచ్చాక, ఇది పాడయిందెప్పుడు అనేవాళ్లు."
బోర్డు చంకన పెట్టుకుని
తొమ్మిదో నంబరు ట్రాము వైపు నడిచాడు.

వంచిందెవరో నాకిప్పటికీ తెలీదు.
ఆ వణుకూ చూశాను, ఆ ఆగడమూ చూశాను.
కాగితం మూసేముందు, రిమార్కుల చోట
నలభై అక్షరాలు పడతాయి, రాశాను:
'వినియోగదారుడి చేతులు బాగున్నాయి.'
యంత్రం తీసుకుంది.
చదివేవాళ్లు ఉన్నారో లేదో.

ఇరవై ఆరు నిమిషాలు పట్టిందని ఎర్రగా వెలిగింది తెర.
తర్వాతి పెట్టె కోశాను.
గ్రాఫిక్స్ కార్డు. ఫ్యానుకి ఒక రెక్క లేదు.
పెట్టె అడుగున వెతికాను, అక్కడా లేదు.