వయా గుంతకల్లు

పదకొండేండ్లుగా సెట్టిపల్లి షాపులో
రైలుపెట్టెల కిందే నా కాపరం.
బోల్టు వదులైన చోట పసుప్పచ్చ సుద్దముక్కతో
సున్నా చుడతా,
బిగించినాక చెరిపేస్తా.
నేను బిగించిన పెట్టెలు
నేను చూడని ఊర్లకి పొయ్యొస్తానే ఉండాయి.

అరిగి, తుప్పు పట్టి తిరిగొచ్చినప్పుడు
సీట్లు ఊడదీస్తామా,
కింద ఏదో ఒకటి రాలతాది.
కొల్హాపురం పెట్టెలో ఎడమకాలి చెప్పు, ఒకటే,
వారు తెగింది గానీ తోలు వాసన పోలేదు.
నాగపూరు బండిలో పలకల సందున
మొలకెత్తి ఎండిపోయిన కమలా గింజ.
బిలాసపూరు నుంచి గుడ్డముడిలో ఇప్పపూలు,
ఎవురి దగ్గుకి మందో, ఎవురి మొగుడికి సారానో.
పూరీ నుంచి గవ్వ.
రామేశ్వరం పెట్టెలో చీపురు పడితే
చేటెడు ఇసక. దాంట్లో గుప్పెడు ఎత్తిపెట్టుకున్నా.

అన్నీ గ్రీజు డబ్బాలో దాచినా.
"ఈ ఏడన్నా పాసు వాడుకోమే రెడ్డెమ్మా,
మురిగిపోతాది" అన్నాడు ఎట్టియప్ప.
మురిగేదానికి అదేమన్నా పాలా అని నవ్వినా గానీ
ఇంటికొచ్చి డబ్బా గచ్చు మీద బోర్లించినా.

పడినవాటిని పడినట్టే ఉంచి
సుద్దతో కలుపుకుంటా పోయినా.
చెప్పు నుంచి గింజకి,
గింజ నుంచి పూలకి, పూల నుంచి గవ్వకి,
గవ్వ నుంచి మళ్ళా నా గడప దాకా.
వంకరటింకర సున్నా.
ఇసక మాత్రం దాంట్లో కలవలేదు,
తోక మాదిరి కిందికి వేలాడింది.

ఎట్టియప్ప ఇచ్చిన టైంటేబుల్ పుస్తకం పాతది.
సాంబారు మరకలు పోగా మిగిలిన బండ్లకి
వేళలు మారిపోయినాయి.
మా చెల్లెలి కూతురు హేమావతి ఫోన్లో చూసి చెబతా ఉంటే
అంచుల్లో పెన్సిలుతో దిద్దుకుంటా కూర్చున్నా,
సంగటి గట్టిపడిపొయ్యేదాకా.

బిలాసపూరులో దిగేది రాత్రి రెండూ నలభైకి.
"ఎవురు లేపుతారు పెద్దమ్మా?"
పెట్టే లేపుతాది.
బ్రేకు పట్టేటప్పుడు దానికి ఒళ్ళు ఎట్ల ఒణుకుతాదో
నాకు తెలవదా?

గుంతకల్లులో నాలుగు గంటలు కాచుకోవాల.
నేరుగా పొయ్యే బండి ఉండాది,
గుంతకల్లు కొట్టేయమనింది ఆ పిల్ల.
నేను కొట్టేయలా.
చేతిలో స్పానరు లేకుండా బెంచీ మీద కూర్చోని
వొచ్చే బండ్లు పొయ్యే బండ్లు చూడాల.
నా లెక్కలో అది కూడా ఒక ఊరే.

పాసు గుమాస్తా దేవసహాయం
కళ్ళజోడు నుదుటికెక్కించి చదివినాడు.
'వయా' అనే గడి అగ్గిపెట్టంత.
ఇన్ని ఊర్లు పట్టవని రామేశ్వరం కొట్టేసినాడు.
పోనీలే, వొచ్చే ఏటికి పెట్టుకుందామనుకున్నా.
గొంతులో మాత్రం గరగరమనింది.

"కూడా వొచ్చేవాళ్ళు?"
ఎవురూ లేరంటే
ఆ గడిలో స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసినాడు.
పట్టా మాదిరి నున్నగా వొచ్చింది.

ఇంక సెలవు చీటీ. దాంట్లో 'కారణం'.
అందురూ రాసేది పెండ్లి, చావు, ఆస్పత్రి.
"మొక్కుబడి అని రాయి" అన్నాడు,
మళ్ళా తనే నవ్వినాడు,
దేశమంతా మొక్కుకోని ఈడికొస్తా ఉంటే
తిరపతిదానివి, నీకు మొక్కు యాడుంటాదని.
సిరా రాని పెన్ను రెండుసార్లు విదిలించి
రాసినా: ఊరికే.
"ఏ ఊరికి?" అన్నాడు తల ఎత్తకుండా.

ఆ పొద్దు మధ్యాన్నం కొల్హాపురం పెట్టె వొచ్చింది షాపుకి.
పక్క బెర్తు కింద బోల్టు వదులు.
సున్నా చుట్టినా, బిగించినా,
ఇంకో అర చుట్టు తిప్పినా.
చెరిపేదానికి గుడ్డ తీసి
మళ్ళా జేబులో పెట్టుకున్నా.