నాలుగు వేళ్ళు

పుదుక్కోట దాటాక, తుమ్మల మధ్య
అయ్యనార్ గుర్రం నిన్నటి వానకి నడుం విరిగింది.
మెడ మాత్రం అలాగే ఉంది, గంటలతో సహా,
పళ్ళికిలించి పొలిమేరని కసురుతూ.

వడివు కొత్తదానికి మట్టి తొక్కుతోంది,
ఇసుక, వరిపొట్టు, కాస్త విసుగు కలిపి.
పాతదాన్ని అతికించకూడదు,
పడ్డచోటే మన్నవ్వాలి.

కానీ పొట్టపెంకు ఒకటి చేతికొచ్చింది.
పైన సున్నం, జేగురు, జీను పూసలు.
లోపల, నలభై ఏళ్ళుగా ఎండ చూడని గోడ మీద
నాలుగే వేళ్ళ గుంటలు.
చెరకు గానుగకి ఒకటి ఇచ్చేసిన
తాత మాసిలామణి.

కరుప్పన్ కొడవలికి దొంగలు జడుస్తారట.
వడివు తన చెయ్యి ఆనించి చూసింది.
చిటికెనవేలు చోటులేక
చదును మీదే ఆగిపోయింది.

అక్కా, మట్టి ఆరిపోతోంది,
తమ్ముడి కేక.