పంకా మార్చిన రోజు

రాత్రి మూడు గొట్టంగ లిఫ్టు దిగుతది ఆ పిల్ల.
కాళ్లకు హవాయి చెప్పులు, చేతిల కారు తాళం,
మెడకు మఫ్లరు. షార్జాల, మే నెలల!
గొంతుకు ఏసీ గాలి తగులద్దని.

బేస్‌మెంట్ రెండు, నలభై ఆరో నంబరు గీత,
వాళ్ల నాయిన పాత కొరోల్లా.
ఎక్కి, అద్దాలన్నీ పైకెత్తి
ఎనుక సీట్ల సక్లముక్లం ఏసుకోని కూసుంటది.
బండి ఎటూ పోదు.

నేను నాతూర్‌ని, రాత్రి డ్యూటి.
నా కుర్చీకి ఆ కారుకు నడుమ
రెండు పిల్లర్లు, ఓ నూనె మరక.

ఐదో అంతస్తు బ్యాంకాయన కంప్లెయింట్ రాసిండు,
తెల్లారకముందే ఎవరో ఏడుస్తున్నరని.
ఇంగ్లీషుల రాసిండు.
నాకు చదివి చెప్పింది ఆ పిల్లనే, నవ్వుకుంట.
పేరు నుజ్హత్.

ఆరు తరాలు సారంగి వాయించినోళ్లట.
బీదర్ల ముత్తాత, మల్లేపల్లిల తాత.
నాయిన ఈడ కార్పెట్ల దుకాన్ల లెక్కలు రాస్తడు,
శుక్రవారం హోటల్ల తబలా.
సారంగేమో పచ్చగుడ్డ చుట్టి బీరువ మీద.
తంబూర బుర్ర విమానం దిగేసరికే పగిలింది.
ఫోన్ల తంబూర ఉంటది గద బిడ్డా, అన్న.
"దాదా ఒద్దన్నడు చాచా. దానికి ఊపిరుండదట."

నాకు రాగాలు తెల్వయి.
సిరిసిల్లల పదహారేండ్లు సాంచెలు నడిపిన.
నలభై సాంచెల మోతల ఒక్క పోగు తెగితే
కండ్లకంటే ముందు చెవుకు తెలిసేది.
గా చెవుతోనే ఇంటున్న.

"సా" పక్కపొంటి ఓ స్వరమున్నది.
దాన్ని నిలవెట్టద్దట, ఊపాలెనట,
నిద్రవట్టని పోరని తొట్టె లెక్క, మెల్లగ.
మూడు నెలలాయె, అది చిక్కది.
రోజు గాడికి వస్తది, పోగు తెగుతది,
మళ్ల ముడేసుకుంటది.
అజా ఇనవడంగనే ఆపి
దుపట్ట సదురుకోని పైకి పోతది.

నేనేం జేసిన?
మూలకు పొగ తోలే పెద్ద పంకా ఒకటుండె,
బేరింగు అరిగి రాత్రంత ఒక్కటే మూలుగు.
పిల్ల పాటను తింటున్నదిరా అని
మెయింటెనెన్స్ బంగ్లా పోరన్ని బతిమిలాడిన.
రెండు చాయ్‌లు, ఓ సిగరెట్ డబ్బ.
బుధవారం కొత్తది బిగించిండు.
సప్పుడన్నదే లేదు. మస్తు మురిసిన.

గురువారం.
పిల్ల కారెక్కింది. అద్దాలెత్తింది.
ఒక సా.
ఆగింది.
ఇంకో సా, జరంత కిందికి.
ఆగింది.
అద్దం దించి మూల దిక్కు చూసింది.
"చాచా, మన పంకా ఏది?"

గోడ తీసేసినంక
నిచ్చెన పట్టుకోని నిలవడ్డట్టున్నది మొకం.
ఇన్ని దినాలు దానికే ఆనిచ్చి ఎక్కుతున్నదని
నాకేం తెలుసు!

పాతదాన్ని స్క్రాపోడు ఎత్తుకపోయిండు.
నోట్ల తడి లేదు నాకు.
పిల్ల తిట్టలే. కొంచెంసేపు స్టీరింగు దిక్కు చూసి,
"మీరు రోజు విన్నరు గద," అన్నది,
"అది ఎట్ల మూలిగేదో యాదికున్నదా?"

యాదికా?
నోరు మూసి, ముక్కుల నుంచి పట్టిన.
బీడీలు తాగిన గొంతు, యాభై రెండేండ్లది,
పెండ్లిల గూడ పాడని గొంతు.
"కొంచెం కింద... ఆఁ, గక్కడనే, కదలకుండ్రి."

కదల్లే.
ఊపిరి అయిపోంగ అందుకున్న, మళ్ల అయిపోంగ మళ్ల.
కారులనుంచి ఆ పిల్ల నా మీదికెక్కింది,
ఒక్కొక్క మెట్టు.
ఆ పక్క స్వరం కాడికొచ్చింది.
నేను కండ్లు మూసుకున్న.

గప్పుడే హారన్.
బ్యాంకాయన, ఎయిర్‌పోర్టుకట, సూట్‌కేస్ తోని.
మూల్గుకుంటనే లేచి గేటు కట్టె ఎత్తిన.
అద్దం దించి, "ఆ చప్పుడేందయ్యా?" అన్నడు.
నోరు తెరిస్తే తెగుతది.
తలకాయ ఊపిన,
పొండ్రి సారూ పొండ్రి అని చెయ్యి ఊపిన,
అటేమో తొట్టె ఊగుతనే ఉన్నది.