ఏడో మైలు

ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే.
రెండు తన్నులకే లేస్తుంది,
షెడ్డు రేకులు అదిరేలా ఓసారి గొంతు సవరించుకుని
ఆపైన పొయ్యి మీది పప్పులా తుకతుకమంటూ
కుదురుగా నిలబడుతుంది.
యాభై ఎనిమిది నాటి బీఎస్‌ఏ.
ఒక రైతు కోళ్ల పాకలోంచి తెచ్చాను.
సైలెన్సర్ దులిపితే
గుడ్డు పెంకులు రాలాయి.

ఏడో మైలులో మాత్రం ఆగుతుంది.
ట్రౌస్‌వనిద్ చెరువు మలుపు దాటాక
తివాచీల కొట్టైపోయిన చర్చి ముందు
ఒక దగ్గు, ఒక తుమ్ము,
అంతే.
కాసేపు చల్లారనిస్తే
ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది.

నేను మెకానిక్‌ని కాను, పోస్ట్‌మన్‌ని.
పగలంతా జనం చిరునామాలు వెతుకుతాను,
రాత్రి ఈ జబ్బు చిరునామా.
మొదట కార్బురేటర్‌ని అనుమానించాను.
జెట్లు విప్పి, నోటితో ఊది, బల్బుకెత్తి చూశాను,
సూది బెజ్జంలోంచి వెలుతురు సూటిగానే వచ్చింది.
తర్వాత ట్యాంకు మూతకి ఊపిరాడటం లేదేమో అనుకున్నాను.
తర్వాత ప్లగ్గులు, తర్వాత వైర్లు,
తర్వాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది,
ఆ చర్చిని.

నా దగ్గరున్నవి విట్‌వర్త్ స్పానర్లు నాలుగే,
అవీ సంతలో బేరమాడినవి.
ఈ బోల్టులది వేరే గోత్రం,
మిల్లీమీటర్లతో సంబంధం కలవదు.
ఐదో స్పానర్ అవసరమైన ప్రతిసారీ
నా వేలి కణుపు తోలు కొంచెం ఇచ్చి పని కానిచ్చుకున్నాను.

నాలుగో ఆదివారం. వాన. అదే మైలు.
చర్చి ఎదురింటి తలుపు తెరుచుకుంది.
ఎలీనెద్ ప్రీస్ అట పేరు, ఎనభై నాలుగేళ్లు,
చేతిలో టీ కాదు, గొడుగూ కాదు,
గడియారం.

"పోయిన వారం పదహారు నిమిషాలకి లేచింది," అంది.
"అంతకు ముందు వారం ఎండ. ఇరవై రెండు పట్టింది.
ఇవాళ పన్నెండు చాలు, చూడు.
అది మాగ్నెటోలో కండెన్సర్, నాయనా.
వేడెక్కితే చస్తుంది, చల్లారితే బతుకుతుంది.
పాపం, కార్బురేటర్‌ని తిట్టి ఉంటావు."

పదహారేళ్లకే బర్మింగ్‌హామ్ వెళ్లిందట,
మాగ్నెటోలకి తీగ చుట్టే పని.
వెంట్రుకంత రాగి తీగ, వేల చుట్లు,
లెక్క తప్పితే మళ్లీ మొదటికి.
పక్క బల్ల దగ్గర అయర్లండ్ పిల్ల, అవతల జమైకా పిల్ల.
"నేను వెల్ష్‌లో లెక్కపెట్టేదాన్ని.
మా ఫోర్‌మన్ ప్రార్థన అనుకుని
టోపీ తీసేవాడు."

"ఇలాంటి బండి ఎక్కావా ఎప్పుడైనా?"
"మా జీతానికా?"

పన్నెండో నిమిషం తన్నాను.
లేచింది.
ఆమె ఆశ్చర్యపోలేదు,
గడియారం ఏప్రన్ జేబులో వేసుకుని లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి మాగ్నెటో విప్పాను.
వార్నిష్ ముదిరి నల్లబెల్లం రంగు తేలిన చుట్ట.
ఆమెదో, అయర్లండ్ పిల్లదో, ఇంకెవరిదో,
భూతద్దం పెట్టి వెతికాను, తీగ మీద పేరెక్కడ ఉంటుంది?
ఒకచోట మాత్రం, పై వరసలో,
ఒక చుట్టు పక్కదాని మీదికి ఎక్కింది.
ఎవరో ఆ క్షణాన కిటికీ వైపు చూశారు.
దాన్ని కదపలేదు.
గోరంత కొత్త కండెన్సర్ అతికించి మూసేశాను.

ఐదో ఆదివారం
ఏడో మైలు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో.
అద్దంలో చూస్తే ఆ ఇంటి కర్టెన్ పక్కకి జరిగి ఉంది,
గడియారం పట్టుకున్న చెయ్యి.
లెక్కపెట్టడానికేమీ మిగల్చకుండా వచ్చేశానేమో.

పదకొండో మైలు.
ఒక తుమ్ము. దగ్గు లేదు.
ఇది వేరే జబ్బు.
గోడ మీంచి గొర్రె ఒకటి చూస్తోంది.
గంటేమీ పెట్టుకోలేదు చేతికి.
వేడి ఇంజన్ టిక్కు టిక్కుమంటుంటే
వెల్ష్‌లో మొదలుపెట్టాను,
ఈన్, దై, త్రీ