పొగ తీసేసిన ఆకు

సీసా బొటనవేలంత.
లోపల ముదురు గోధుమరంగు, పాత బెల్లప్పాకంలా
వంచితే తొందరపడకుండా కదులుతుంది.
బెడ్‌మిన్‌స్టర్‌లో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్కన
ఇమొజెన్ చెప్పింది: "ఇందులో పొగాకు తప్ప
పెద్దగా ఏమీ లేదు. కాస్త తేనెమైనం, ఎండుగడ్డి.
ల్యాబులో పుట్టిందేదీ లేదు."
నలభై రెండు పౌండ్లు.
ముక్కు దగ్గర పెట్టుకుని
బేరమాడడం మరిచిపోయాను.

మన మాటలోనే ఒక చిక్కుంది.
పొగాకు అనగానే పొగ ముందొచ్చి కూర్చుంటుంది,
ఆకు వెనకాల నిలబడాలి.
ఈ సీసాలో ఎవరో పొగని లేపి పంపేశారు.
మిగిలిన ఆకు
ఎండుద్రాక్షలా, వాన పడబోయే ముందరి గడ్డివాములా,
కొత్త చెప్పుల లోపలి వైపులా...
లేదు, ఇవేవీ కాదు.
ఆకు ఆకులాగే ఉంది. పోలికలు నావి.

మనం సెంటు కొట్టుకుంటాం,
వీళ్ళు తొడుక్కుంటారు.
ఆదివారాలు నేనూ తొడుక్కుంటాను:
ఎడమ మణికట్టు మీద ఒక చుక్క, చెవి వెనక సగం.
మొదటి పది నిమిషాలు చేదు, కాస్త మందుల కొట్టు.
టీ తాగి, కోటు గుండీలు పెట్టుకుని
మెట్లు దిగేసరికి తియ్యబడుతుంది.
నది పక్కన పాత గిడ్డంగుల దాకా నడుస్తాను.
ఎర్రిటుక, తొమ్మిదంతస్తులు, వరసగా చిన్న కిటికీలు;
ఒకప్పుడు ఓడల్లో వచ్చిన ఆకు అక్కడ నిద్రపోయేది.
ఎవరూ లేనప్పుడు ఒకసారి
గోడకి ముక్కు ఆనించి చూశాను.
తడి. నాచు. అంతే.
వాసన మొత్తం నా చేతి మీదే ఉంది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా
ఊపిరి కొలిచే గదిలో నా ఉద్యోగం.
"గట్టిగా పీల్చండి. ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా..."
గోడ మీద నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ.
సెంట్లు నిషిద్ధం. సబ్బు కూడా వాసన లేనిదే.
నా ఆదివారాల సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.
కల్లు మానిపించేవాడు
తాటిచెట్టుకి మొక్కినట్టుంటుంది.

గత వారం చలికి మఫ్లర్ చుట్టుకెళ్ళి
ఆలోచించకుండా తలుపు కొక్కేనికి తగిలించాను.
డోరీన్ పొలార్డ్, ఎనభై మూడేళ్ళు,
మూడోసారి ఊది, దగ్గి, నీళ్ళు తాగి
తల కొంచెం పైకెత్తి గాలిని వాసన చూసింది.
"ఎవరిదది?"
తప్పు చేసినదానిలా "నాదే" అన్నాను.
"సిగరెట్ కాదు" అంది.
"ఆకు. ఈనెలు తీసే గది."
పదిహేనేళ్ళకే చేరిందట ఫ్యాక్టరీలో.
పొడుగు బల్లలు, నలభైమంది ఆడపిల్లలు,
ఆకుని మధ్యకి చీల్చి ఈనె లాగడం.
శుక్రవారం డ్యాన్సుకి వెళితే
ఎంత పౌడరు రాసినా మగపిల్లలు కనిపెట్టేసేవాళ్ళట.
"నిమ్మచెక్క పెట్టి రుద్దుకునేవాళ్ళం, పోవాలని.
నువ్వు డబ్బిచ్చి కొన్నావా?"
నవ్వింది. నవ్వు దగ్గయింది.
దగ్గు చాలాసేపు దగ్గుగానే ఉంది.

మా నాంచారమ్మత్త చింతపండు రుద్దేది.
చీరాల కంపెనీలో గ్రేడింగు;
సాయంత్రానికి అరచేతులు జిగురు,
గోళ్ళ చుట్టూ గోధుమ గీత.
ఎంత తోమినా కలిపిన ముద్ద చేదు.
"నీ చేత్తో వద్దు" అన్నాను. నాకప్పుడు ఏడేళ్ళు.
ఆ తర్వాత చెంచాతోనే పెట్టింది,
నాకొక్కదానికే.

డోరీన్ కోటు వేసుకుంటుంటే
మఫ్లర్ తీసి చేతికిచ్చాను.
కాగితం మీద ఆమె అంకెలు ఏమంత బాగా లేవు.
ఆ ఒక్క శ్వాస మాత్రం
మెషీను లేకుండా, నేను "ఇంకా" అనకుండా
చాలా లోపలికి తీసుకుంది.

ఇవాళ ఆదివారం. రాత్రి పప్పన్నం.
ఎందుకో ఎడమచేత్తో కలిపాను,
అత్త చూస్తే తిట్టేది.
మణికట్టు ముక్కుదాకా వచ్చి ఆగింది.
నాలుక చేదు కోసం వెతికింది.
దొరకలేదు.
ఉప్పు మాత్రం కొంచెం తక్కువైంది.