అర సెకను

గుంటూరు మిర్చి యార్డులో
మూడో షెడ్డు నిచ్చెన మీద
తుమ్ముకుంటూ దూరం కొలుస్తున్నాను.
కింద కమిటీవాళ్లు కొటేషన్ పట్టుకుని
"ఏ తీగ చౌక?" అంటున్నారు.

నెట్‌వర్క్ తీగ చౌకే.
కాకపోతే బొమ్మను మడతపెట్టి పంపుతుంది,
పట్టుచీరను చేతిసంచిలో కుక్కినట్టు.
కదలనిదాన్ని నిన్నటిదేలే అనుకుంటుంది,
పల్చనిదాన్ని మరకనుకుని తుడిచేస్తుంది.
విప్పి చూపేసరికి అర సెకను.

"అర సెకనులో కొంపలు మునుగుతాయా?"
గుమాస్తా పానకాలు నవ్వాడు.

మునగవు. కాలతాయి.
నిరుడు ఎండాకాలం
తేజా టిక్కీల మీద
దారప్పోగంత పొగ లేచిన రాత్రి
తెర మీద ఏమీ లేదు.
ఎరుపు,
గళ్లు గళ్లుగా ఎరుపు.
కాపలా మీరావలి మాత్రం
టీ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.
ఆ ముక్కుకి మడతపెట్టడం చేతకాదు.

గేటు నుంచి గదికి మూడొందల నలభై మీటర్లు.
రాగితీగ అంత దూరం మోయలేదు.
గాజుపోగు అని రాశాను.
మడతపెట్టని బొమ్మ అని రాశాను.
దాని కింద అంకె కూడా
దాచకుండా రాశాను.
ప్రెసిడెంటుగారి పెన్ను
ఆ అంకె మీద వాలి
ఈగలా అక్కడే ఉండిపోయింది.

సంతకం ఇంకా కాలేదు.
సాయంత్రం మీరావలి గదిలో పాత తెర ముందు కూర్చుని
ఫోన్ చేశాడు, "చెయ్యి ఊపు బాబూ, చూస్తా."
ఊపాను.
కాసేపటికి,
"ఆఁ, ఊపుతున్నావు" అన్నాడు.

అప్పటికే దించేశాను.